విత్తన బంతులు చల్లినా గుట్ట మీద చెట్లెందుకు రాలేదు?

గిద్దలూరు వైపు మీ ఊరి గుట్ట మీద మిత్రులతో కలిసి వరుసగా రెండేళ్లు విత్తన బంతులు చల్లామని రాశారు. వేప, నేరేడు, ఇప్ప, చింత, కానుగ, సీతాఫలం గింజలు తీసుకుని మార్చిలో మట్టితో బంతులు చుట్టి, ఎండబెట్టి, జూన్‌లో తొలకరి పడగానే చల్లారు. మొదటి ఏడు కొన్ని మొలకలు కనిపించాయి, మరుసటి వేసవికి ఒక్కటీ మిగల్లేదు. రెండో ఏడు ఆ మొలకలూ లేవు. ఈసారి డ్రోనుతో ఇంకా ఎక్కువ చల్లిస్తే ప్రయోజనం ఉంటుందా, పక్కనే నల్లమలలో ఎవరూ నాటకుండానే అంత అడవి ఎలా నిలిచింది అన్నవి మీ ప్రశ్నలు. రెండోదానికి జవాబు దొరికితే మొదటిది మీరే మానుకుంటారు. అందుకని అటునుంచి నరుక్కొస్తాను. అడవి గురించి చెబుతూ ఈ మాట వాడకూడదేమో, అలవాటైపోయింది.

నేను 26 ఏళ్లు అటవీ నర్సరీల్లోనూ, సహజంగా వచ్చిన మొక్కలను లెక్కపెట్టే సర్వేల్లోనూ పనిచేశాను. ఎక్కువ కాలం నల్లమల, లంకమల, శేషాచలం కొండల్లోనే గడిచింది. లక్షల మొక్కలు పెంచి నాటించిన చేతులివి. వాటిలో ఎన్ని పోయాయో కూడా నాకు తెలుసు.

గింజకు కాళ్లు లేవు కనుక ఊరు దాటాలంటే బండి ఎక్కాలి. మన అడవుల్లో ఉన్నవి ముఖ్యంగా రెండు బండ్లు: గాలి, కడుపు.

గాలి బండి ఎక్కేవి ఎండాకాలంలో బయలుదేరతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా చెట్లు ఆకు రాల్చి బోసిగా ఉంటాయి, గాలికి అడ్డు ఉండదు. నల్లమద్ది కాయకు అయిదు రెక్కలుంటాయి. చిరుమాను కాయ చిటికెడంత, దానికీ రెండు బుల్లి రెక్కలు. పాలకొడిసె గింజకు తోకలా కుచ్చు, బూరుగు గింజకు దూది. ఎర్రచందనం కాయను ఎప్పుడైనా అరచేతిలో పెట్టుకుని చూడండి. మధ్యలో గట్టి బుడిపె, చుట్టూ అట్టలాంటి పలుచని రెక్క, మొత్తం రూపాయి బిళ్ల కన్నా పెద్దగా, విరిగిన అప్పడం ముక్కలా ఉంటుంది. లోపల చాలావరకు ఒకటే గింజ. రెక్క ఉంది కదా, కొండలు దాటి పోతుందనుకుంటాం. నిజానికి ఎక్కువ కాయలు తల్లి చెట్టు చుట్టుపక్కలే పడతాయి. ఆ తర్వాత ఈదురుగాలికి దొర్లి, వాలులో జారి, రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. అలా ఇరుక్కోవడమే వాటి అదృష్టం. రాతి పక్కన తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది, గడ్డి తక్కువ కనుక మంట కూడా పెద్దగా తగలదు. ప్రపంచం మొత్తం మీద ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అక్కడ ఏ కొండకు వెళ్లినా రాళ్ల పక్కన నిలబడ్డ చెట్లే ఎక్కువ కనిపించడం వెనక ఈ ఇరుక్కోవడం పాత్ర ఉందని నా అనుమానం.

కడుపు బండి కథ ఇంకా బాగుంటుంది. తునికి, మొర్రి పండ్లు ఏప్రిల్, మే నెలల్లో పండుతాయి. నేరేడు, ఇప్ప, వేప సరిగ్గా వానల ముంగిట పండుతాయి. ఒకసారి మే నెలాఖరులో నల్లమలలోని బైర్లూటి వైపు బాట పక్కన ఎలుగుబంటి పేడ పెద్ద కుప్ప కనిపిస్తే సంచిలో వేసుకుని తెచ్చి, నీళ్లలో కడిగి, జల్లెడ పట్టాను. మా ఇంట్లో ఆ రోజు నాకు భోజనం విడిగా వడ్డించారు. జల్లెడలో మిగిలినవి: గోధుమ రంగు బల్లపరుపు తునికి గింజలు పిడికెడు, నున్నగా మెరిసే రేల గింజలు, రేగు టెంకలు, వాటితోపాటు నమలకుండా మింగిన చెదపురుగుల తలలు. గింజల మీద పంటి గాటు కూడా లేదు. ఎలుగు పండును చప్పరించి మింగుతుంది, నమిలే ఓపిక దానికి లేదు. అది రాత్రికి కొన్ని కిలోమీటర్లు తిరుగుతుంది కనుక, తునికి గింజకు అంతకన్నా మంచి బండి లేదు.

దుప్పి చేసే పని వేరు. ఉసిరికాయలు మింగి, నీడన పడుకుని నెమరువేస్తూ గట్టి టెంకలను నోట్లోంచి ఉమ్మేస్తుంది. దుప్పుల మంద మధ్యాహ్నం సేదతీరే చెట్టు కింద వెతకండి, ఉసిరి టెంకలు గుప్పిళ్లకొద్దీ దొరుకుతాయి. అవి ఎండి పగిలినప్పుడు లోపలి చిన్న గింజలు బయటికి చిమ్ముతాయి. గబ్బిలం ఇప్పకాయను కోసిన చెట్టు మీద తినదు. నోట కరుచుకుని ఇంకో చెట్టు మీదికి పోయి తింటుంది. పికిలిపిట్ట, గోరింక, కోకిల లాంటివి వేప, శ్రీగంధం, రావి గింజలను మోస్తాయి. మీ డాబా పిట్టగోడ పగులులో రావి మొక్క ఎవరు నాటారు మరి? పిట్టగోడకు ఆ పేరు ఊరికే రాలేదేమో.

ఏడాదంతా వాన పడే అడవుల్లో ఈ కడుపు బండి మీద ఆధారం మరీ ఎక్కువ. అక్కడి చెట్ల జాతుల్లో నూటికి 70 నుంచి 90 దాకా పండు తినే జీవాలు మోస్తేనే కదులుతాయి. అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే అడవిలో పెద్ద గింజల చెట్లు కొన్నింటికి హార్న్‌బిల్ పక్షులే దిక్కు. అంత పెద్ద కాయను మింగగల గొంతు మరో పక్షికి లేదు. మన ఎండు అడవుల్లో గాలి వాటా ఎక్కువ కనుక ఆ మేరకు మనం కొంచెం నయం.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి, ఎందుకంటే ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు: ‘జంతువు కడుపులో పడితేనే గింజ మొలుస్తుందట కదా?’ ఈ నమ్మకానికి పెద్ద ప్రచారం ఇచ్చింది 1977 నాటి ఒక పరిశోధన వ్యాసం. మారిషస్ దీవిలో అంతరించిపోయిన డోడో పక్షి కడుపులోంచి వస్తే తప్ప అక్కడి తంబలకోక్ చెట్టు గింజ మొలవదని, అందుకే ఆ చెట్టు కూడా అంతరిస్తోందని స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్త రాశాడు. టర్కీ కోళ్లకు 17 కాయలు తినిపిస్తే 10 మిగిలాయి, వాటిలో 3 మొలిచాయి. తినిపించని గింజలను పక్కన పెట్టి పోల్చి చూడలేదు. తర్వాతివాళ్లు చూస్తే, ఏ పక్షి సాయం లేకుండానే ఆ గింజలు మొలుస్తున్నాయి. కథ మాత్రం అందంగా ఉంది కనుక పాఠ్యపుస్తకాలను వదల్లేదు. నర్సరీలో మేం చేసే పని చూస్తే అసలు విషయం తెలుస్తుంది. వేప పండు గుజ్జును ఇసుకతో రుద్ది కడిగేస్తాం. ఎర్రచందనం కాయలను పేడ నీళ్లలో నానబెడతాం. టేకు కాయలను రోజుల తరబడి తడుపుతూ ఆరబెడుతూ ఉంటాం. కడుపు చేసే మేలులో పెద్ద భాగం గుజ్జు తీసేయడం, ఆపైన దూరం మోయడం. మిగతాది ఒక్కో జాతికి ఒక్కో రకం.

దూరం ఎందుకు అంత ముఖ్యం? నేరేడు చెట్టు కింద జూలైలో చూడండి. అడుగు పెట్టడానికి వీల్లేనంతగా మొలకలు. ఒక ఏడాది వాగు ఒడ్డున ఒక చెట్టు కింద గజం చదరాన నాలుగు పుల్లలు పాతి, నెలకోసారి వెళ్లి చూశాను. ఆగస్టులో చాపలా పరుచుకున్న మొలకల్లో సెప్టెంబరుకు కొన్ని కాడ మొదట్లో నల్లబడి వాలిపోయాయి. నర్సరీవాళ్లం నారుకుళ్లు అంటామే, అదే. కొన్నింటి ఆకులను తల్లి చెట్టు మీది పురుగులే కిందికి దిగి జల్లెడ చేశాయి. అడవిపంది ఒకసారి వచ్చి సగం చదరం తిరగేసి పోయింది. సంక్రాంతికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, మేలో ఒక్కటి. మరుసటి వానలకు ఆ ఒక్కటీ లేదు. అదే చెట్టు గింజ, వాగు కింది మలుపులో ఒక మర్రి ఊడల పక్కన పడ్డది, నేను బదిలీ అయ్యేనాటికి నా ఎత్తు దాటింది.

దీన్ని సూత్రంగా చెప్పినవాళ్లు ఇద్దరు: 1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసెఫ్ కానెల్. తల్లి దగ్గరే ఆ జాతికి అలవాటుపడ్డ పురుగులు, బూజు తెగుళ్లు కాపుకాసి ఉంటాయి కనుక, దూరం పోయిన గింజకే బతికే అవకాశం ఎక్కువని వాళ్ల వాదం. ఉష్ణమండల అడవిలో ఒకే జాతి రాజ్యమేలకుండా వందల జాతులు కలిసి ఉండటానికి ఇదొక కారణమని కూడా అన్నారు. పనామా కాలువ కట్టినప్పుడు నీళ్ల మధ్య మిగిలిపోయిన బర్రో కొలరాడో దీవిలో దీన్ని గట్టిగా పరీక్షించారు. అడవిలో 200 వలతొట్లు వేలాడదీసి పడ్డ గింజలు లెక్కపెట్టారు, పక్కనే మొలిచినవాటిని లెక్కపెట్టారు. 2000లో వెలువడిన ఫలితం ప్రకారం, చూసిన 53 జాతుల్లోనూ కథ ఒకటే: గింజలు ఎంత దట్టంగా పడితే, ఒక్కో గింజ మొక్కగా నిలిచే అవకాశం అంత తక్కువ. మీరు ఒకే గుట్ట మీద బస్తాలకొద్దీ ఒకే రకం గింజలు కుమ్మరిస్తే ఏమవుతుందో ఇందులోనే కొంత ఉంది.

ఇంతవరకు చెప్పింది తేలికైన సగం. గింజ ఎలా చేరుతుంది అన్నదానికి అడవి వంద దారులు కనిపెట్టింది. చేరిన గింజ మొక్కగా ఎలా నిలుస్తుంది అన్నచోటే అంతా ఆగిపోతుంది. మధ్య అమెరికాలో అడవి నరికి పచ్చిక చేసి, తర్వాత వదిలేసిన భూముల్లో పక్షులు వాలడానికి కర్రలు పాతి చూశారు. పక్షులు వాలాయి, రెట్టలు వేశాయి, గింజలు దండిగా పడ్డాయి. చెట్ల మొక్కలు మాత్రం దాదాపు రాలేదు. గడ్డి వాటిని లేవనివ్వలేదు. మీ డ్రోను కూడా ఆ కర్రలాంటిదే, కాస్త ఖరీదైనది.

వాన అడవుల్లో మొలకకు కరవు వెలుతురుతో. నేల మీదికి చేరే వెలుగు అక్కడ బహు తక్కువ. మొక్క ఏళ్ల తరబడి అంగుళం పెరగకుండా నీడలో కాచుకుని, పెద్ద చెట్టు ఒకటి కూలి ఆకాశం తెరుచుకున్నప్పుడు పైకి లేస్తుంది. మన దగ్గర వెలుతురుకు కొదవ లేదు, కరవంతా నీటితోనే. దానికి తోడు మంట, మేక.

మీ గుట్ట మీద మొలిచిన ఒక వేప మొలకను ఊహించుకోండి. మృగశిర వానకు తడిసి మూడు నాలుగు అంగుళాలు లేచింది. ఆపైన ఇరవై రోజులు వాన లేదు. మన ప్రాంతంలో ఇది ఏటా జరిగేదే. నేల పైనుంచి ఆరుతూ కిందికి దిగుతుంది, దాని కన్నా వేగంగా వేరు కిందికి దిగాలి. ఆ పందెంలో వేరు ఒక్క వేలెడు వెనకబడినా మొలక పని అయిపోయినట్టే. విత్తన బంతితో పెద్ద చిక్కు ఇక్కడే. మొలక వేరు నేల పైన, బంతి లోపల పుడుతుంది. బంతి దాటి బయటికి రాగానే కింద మొరం గట్టిగా తగులుతుంది. వాన కాస్త ఆగితే బంతి ముందు ఆరుతుంది, అంటే మొలక నేల కన్నా ముందే ఎండుతుంది. అదే గింజను గునపంతో రెండు అంగుళాలు గుచ్చి మట్టి కప్పి ఉంటే పందెం కనీసం సమంగా మొదలయ్యేది.

సరే, పందెం గెలిచింది అనుకుందాం. దసరా నాటికి బోద గడ్డి నడుము ఎత్తుకు వచ్చి మొలకను కప్పేస్తుంది. పండగ పోయాక మేకలు ఎక్కుతాయి. ఫిబ్రవరి దాటితే గడ్డి ఎండి, ఎవరి బీడీ పుల్లకో, ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రం చేసుకునే చిన్న మంటకో అంటుకుంటుంది. మంట వెళ్లిపోయాక రోహిణి కార్తె ఎండలు నల్లటి నేల మీద పడతాయి. ఏడాది వయసు మొలక వీటన్నింటినీ దాటి మళ్లీ వాన చూడాలి. దాటినా, మరుసటి ఏడు మళ్లీ ఇదే వరస.

మరి నల్లమల ఎలా నిలిచింది? జవాబు నేల కింద ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సర్వే బృందంలోని పెద్దాయన ఒకరు మోకాలెత్తు లేని ఒక తునికి మొక్కను చూపించి, ‘దీని వయసెంతో చెప్పు’ అన్నాడు. రెండేళ్లు అన్నాను. గునపం చేతికిచ్చి తవ్వమన్నాడు. పైన పెన్సిలంత కాడ. జానెడు లోతున వేరు నా మణికట్టంత లావు, కిందికి పోయేకొద్దీ అంతు చిక్కలేదు. వేరు మెడ దగ్గర, అంటే వేరూ కాడా కలిసేచోట, పాత కాడలు మాడిపోయిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి, ముడులు పడ్డ తాడులా. ఒక్కో మచ్చ ఒక్కో మంట, లేదా ఒక్కో మేక. పైన కాడ పోయిన ప్రతిసారీ వేరు బతికింది, మరుసటి వానకు కొత్త కాడ పంపింది, ఆ కాడ ఒక్క వానాకాలం వండిన తిండితో వేరు ఇంకాస్త లావైంది. పెద్దాయన, ‘నీ కన్నా పెద్దదేమోరా’ అన్నాడు. ఆయన తమాషాకే అన్నాడు, నాకు మాత్రం అప్పటి నుంచి అడవిలో మోకాలెత్తు మొక్కను చూస్తే ‘మీరు’ అనాలనిపిస్తుంది.

ఎండు అడవుల్లో చాలా చెట్ల జీవితం ఇలాగే మొదలవుతుంది. ఏగిస కూడా ఇంతే: పైన ఏటా ఎండి చస్తూ, కింద కొన్నేళ్లపాటు వేరు పెంచుకుంటుంది. ఉత్తరాదిన సాల అడవుల్లో ఇది మరీ ప్రసిద్ధం. తునికి, మోదుగ అయితే పక్కవేళ్ల నుంచి కూడా పిలకలు వేస్తాయి. మీకు పది మొక్కలుగా కనిపించేవి కింద ఒకే చెట్టు కావచ్చు. వేరు బాగా బలిసిన తర్వాత, వరుసగా కొన్నేళ్లు మంట రాకుండా ఉంటే, కాడ ఒక్కసారిగా మనిషెత్తు దాటి, బెరడు మందమై, మంటకు అందని స్థితికి వస్తుంది. మా భాషలో అది ‘పట్టు దొరికిన’ మొక్క. ఆ విరామం దొరక్కపోతే పదేళ్లయినా మోకాలెత్తే. తమిళనాడు ముదుమలలో భారతీయ విజ్ఞాన సంస్థ 1988 నుంచి 50 హెక్టార్ల అడవిలో ప్రతి కాండాన్నీ గుర్తుపెట్టి చూస్తోంది. అక్కడా మంట వచ్చిన ఏళ్లలో దెబ్బతినేది సన్న కాండాలే, లావు చెట్లకు పెద్దగా ఏమీ కాదు. కనుక మంటల అడవి పైకి పచ్చగా, నిండుగానే కనిపిస్తుంది. పిల్లలు లేని ఊరిలా అది ముసలిదైపోతోందని తెలియడానికి చాలా కాలం పడుతుంది.

ఇప్పుడు మీ గుట్ట. మీరు పంపిన ఫోటోలో బోద గడ్డి మధ్య అక్కడక్కడా ముదురాకుపచ్చ గుబుర్లు కనిపిస్తున్నాయి. నన్నడిగితే, ఈ ఏడు ఒక్క గింజ కూడా చల్లకండి. సెప్టెంబరులో నలుగురు గునపం తీసుకుని గుట్ట ఎక్కండి. అడ్డంగా ఒక తాడు పట్టుకుని నడుస్తూ, తాడుకు రెండు పక్కలా రెండేసి గజాల లోపల కనిపించిన చెట్టు జాతి మొక్క ప్రతిదాన్నీ, ఎంత చిన్నదైనా సరే, లెక్కపెట్టండి. అనుమానం వచ్చినచోట ఒకటి రెండింటి పక్కన మట్టి తీసి వేరు మెడ చూసి మళ్లీ కప్పేయండి. ఒకప్పుడు అడవి ఉండి, దున్నకుండా వదిలేసిన గుట్ట అయితే పది పన్నెండు అడుగులకు ఒకటైనా పాత వేరు దొరుకుతుందని నా అనుభవం. అలా దొరికితే మీకు గింజలతో పని లేదు. అడవి అక్కడే ఉంది, కాకపోతే తల ఎత్తనివ్వడం లేదు. చేయాల్సింది మూడు నాలుగేళ్లు మంటను ఆపడం. జనవరి చివరికల్లా గుట్ట చుట్టూ పది అడుగుల వెడల్పున గడ్డి కోసి, ఆకులు ఊడ్చి మంటబాట తీయండి. కోసిన గడ్డి పశువులున్నవాళ్లకు ఇవ్వండి, వాళ్లే వచ్చి కోస్తారు. ఒకే మొదలు నుంచి అయిదారు కాడలు లేస్తే బలమైనది ఒకటి రెండు ఉంచి మిగతావి కోసేయండి.

మేకల సంగతి కంచెతో తేలదు, మాటతో తేలుతుంది. గుట్ట మొత్తం మూసేస్తామంటే మేకలవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం తప్పు కూడా కాదు. మూడో వంతు మూడేళ్లు వదలమనండి, తర్వాత ఇంకో వంతు. ఒక గుట్ట దగ్గర మేం ఈ మాట అడగకుండా ముళ్లకంచె వేశాం. ఆ ముళ్లు ఎండాకాలం దాటకముందే ఊళ్లో పొయ్యిలకు చేరాయి.

పాత వేళ్లు అసలు లేనిచోట, అంటే బాగా కొట్టుకుపోయిన మొరం మీద, గింజ వేయాల్సిందే. మీ జాబితాలో తప్పు ఇక్కడ ఉంది. ఇప్ప, నేరేడు గింజలు ఆరితే చచ్చిపోయే రకం. చెట్టు కింద రాలిన కొద్ది రోజుల్లో మట్టిలోకి పోవాలి. వేప కూడా కొన్ని వారాలకు మించి నిలవదు. అవి పండేది జూన్, జూలైలో. మీరు మార్చిలో బంతులు చుట్టారంటే నిరుటి గింజలు అన్నమాట. బంతిలో పెట్టేనాటికే అవి చనిపోయి ఉంటాయి. చింత, రేల లాంటి గట్టి పెంకు గింజలు ఏడాది దాటినా నిద్రపోతూ ఉంటాయి. వాటికి వేడినీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టాలి, లేకపోతే నేలలో కూడా త్వరగా నిద్ర లేవవు. పురుగు తొలిచిన గింజలు నీళ్లలో తేలతాయి, తేలినవి పారేయండి. చిరుమాను గింజల జోలికి పోకండి. బస్తా గింజల్లో లోపల పప్పు ఉన్నవి గుప్పెడు కూడా ఉండవు. సీతాఫలం మాత్రం మంచి ఎంపిక, కారణం చాలామంది అనుకునే పండు కాదు. దాని ఆకును మేక ముట్టదు.

నిల్వ ఉండే గింజలకైతే తొలకరికి తొందరపడకండి. మీ వైపు గట్టి వానలు ఆగస్టు తర్వాతే. గునపం దింపితే జానెడు లోతు దాకా తడి కనిపించిన రోజున గింజ గుచ్చండి. ఎక్కడ గుచ్చాలో చెప్పడానికి మీ ఊళ్లో నిపుణులు ఉన్నారు: పికిలిపిట్టలు. అవి కలివి, బలుసు, రేగు పొదల మీద వాలి, పండు తిని అక్కడే రెట్ట వేస్తాయి. ముళ్ల పొద మేకను ఆపుతుంది, నీడ ఇస్తుంది, ఆకు రాల్చి ఎరువు చేస్తుంది. అడవి మళ్లీ మొదలయ్యేది ఆ పొదల్లోనే. ‘శుభ్రం’ పేరుతో పొదలన్నీ కొట్టించి తర్వాత మొక్కలు నాటే పద్ధతి ఒకటుంది. ఆ పని నేనూ చేయించాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గింజను పొద అంచున, ఉత్తరం పక్కన, రాయి ఉంటే రాయి నీడన గుచ్చండి. గుంటకు రెండు గింజలు చాలు. శ్రీగంధం వేయాలని ఎవరైనా సలహా ఇస్తే గుర్తుంచుకోండి, అది పక్క మొక్క వేళ్ల నుంచి పీల్చుకుని బతికే రకం. నర్సరీ సంచిలో దాని పక్కన కంది మొక్క పెంచేది అందుకే. ఒంటరిగా మొరం మీద పెడితే పసుపెక్కి కూర్చుంటుంది.

పొదల్లో ఒక్కదాన్ని మాత్రం నమ్మకండి. మీరు పంపిన మూడో ఫోటోలో ఎడమ మూలన ఉన్నది సర్కారు తుమ్మలా ఉంది. దాన్ని మన దేశంలోకి తెచ్చి తొలుత నాటిన చోట్లలో ఒకటి మీ పక్క జిల్లా కడపలోని కమలాపురం, 1877లో. తియ్యటి కాయలను మేకలు ఇష్టంగా తింటాయి, గట్టి గింజలు పెంటికల్లో చెక్కుచెదరకుండా బయటపడతాయి. కడుపు బండి మంచి చెట్లకే పరిమితం కాదు. ఇప్పుడు పది మొదళ్లే ఉంటే వేళ్లతో సహా పెకలించండి. పైపైన కొడితే నాలుగింతలు పిలకలు వేస్తుంది.

డ్రోను డబ్బు మంటబాట కూలికి, వేసవి మూడు నెలలు గుట్ట మీద కాపలా ఉండే మనిషికి పెట్టండి. మేకలు కాసే కుర్రాళ్లలోనే ఒకరిని పెట్టుకుంటే మంట సంగతి అందరి కన్నా ముందు తెలుస్తుంది. సెప్టెంబరు లెక్క అయ్యాక వేరు మెడ దగ్గరి మచ్చలు కనిపించేలా రెండు ఫోటోలు, గుట్ట చివరిసారి ఎప్పుడు కాలిందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి ఆ వివరం పంపండి. ఏ జాతులో చూసి, ఎక్కడ గింజ గుచ్చాలో, ఎక్కడ ముట్టుకోకుండా వదిలేయాలో చెబుతాను.